కాంపౌండరు దావీదు 'కాదు' అన్న రోజు

పద్దెనిమిది వందల తొంభై ఆరు, ఎండలు ముదురుతున్న రోజులు. రాజమహేంద్రవరంలో జర్మనీ పాదిరుల మిషనులో నేను మున్షీని. ఓడ దిగి వచ్చిన దొరలకు తెలుగు నేర్పేవాణ్ణి మున్షీ అంటారు. వాళ్ళకు తెలుగు చెబుతూ చెబుతూ ఇరవై ఏళ్ళలో నాకు జర్మన్ పట్టుబడింది. అందుకని మనవాళ్ళెవరైనా ఆ భాష నేర్చుకోవాలన్నా, నేర్చుకున్నవాళ్ళకు ఎంతవరకు వచ్చిందో తేల్చాలన్నా నన్నే పిలిచేవారు.

ఆ పనిలో నాకు కొంచెం గర్వం ఉండేదని ఒప్పుకోవాలి. దొరకు తెలుగు వచ్చిందో లేదో చూడాలంటే ఇన్నీసుపేట బజారుకు పంపి గోంగూర తెమ్మనేవాణ్ణి. ఒకాయన తోటకూరతో తిరిగొచ్చి మరో ఆరు నెలలు నా దగ్గరే కూర్చున్నాడు. మనవాడి జర్మన్ చూడాలంటే మూడు పనులు పెట్టేవాణ్ణి. ముందెన్నడూ చూడని పేజీ చదవాలి, ఊరి సంగతి ఒకటి చెప్పాలి, జర్మన్‌లో చెప్పిన పని అర్థం చేసుకుని చెయ్యాలి. వీటితో మనిషి సత్తా తెలిసిపోతుందని నా నమ్మకం.

దావీదు మా డిస్పెన్సరీలో కాంపౌండరు, అంటే డాక్టరు దొర చెప్పిన మందు కలిపి ఇచ్చేవాడు. మండపేట దగ్గర పొలం పనులు చేసుకునే కుటుంబం నుంచి వచ్చాడు. అంతకు మూడేళ్ళ ముందు, నలభై దాటాక నా దగ్గరికొచ్చి జర్మన్ చెప్పమన్నాడు. ఈ వయసులో ఎందుకయ్యా అన్నాను.

"కిందటి వేసవిలో దొరగారు కొండలకెళ్తూ డిస్పెన్సరీకి తాళం వేశారు కదండీ. మా తమ్ముడి కూతురు జ్వరంతో పోయిందండి. మందు అల్మరాలోనే ఉందండి. సీసాల మీద రాతలూ, మందుల పుస్తకమూ అన్నీ జర్మన్. చదవడం రాని మనిషికి తాళం చెవులు ఎలా ఇస్తారండీ?"

మారు మాట్లాడకుండా పలక తీశాను. మూడేళ్ళు రోజూ సాయంత్రం వచ్చేవాడు. మొదటి వారంలో ఒకసారి, నేను చెప్పిన ఒక మాట దొరగారు మరోలా పలుకుతారండీ అన్నాడు. "పాఠం నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అని కసిరాను. ఆ తరవాత ఇంకెప్పుడూ సందేహం అడగలేదు. మంచి శిష్యుడు దొరికాడని మురిసిపోయాను.

ఆ తొంభై ఆరు వేసవిలో దొర మళ్ళీ కొండలకు బయలుదేరుతూ, దావీదును పరీక్ష చేసి తాళం చెవులు ఇచ్చేదీ లేనిదీ తేలుస్తానన్నారు. మొదటి రెండు పనులూ నేనే చేయించాను. దావీదు కొత్త పేజీ తడుముకోకుండా చదివాడు. గోదావరి వరదలో తన గేదె ఇంటి చూరు దాకా ఎలా ఈదిందో జర్మన్‌లో చెబితే దొర పడీపడీ నవ్వారు. మూడో పని దొర తనే పెట్టారు. నల్లమందు టింక్చర్ సీసా చూపించి, ఏడాది బిడ్డకు ఇది ఒక పెద్ద చెంచాడు పట్టించమని జర్మన్‌లో చెప్పారు. అర్థమైందో లేదో చూడడానికి కావాలనే చెప్పిన తప్పు అది. అంత పడితే బిడ్డ బతకదు.

"యా, హెర్ డాక్టర్," అన్నాడు దావీదు. చిత్తం డాక్టరుగారూ అని.

దొర ముఖం మారిపోయింది. పుస్తకం మూసి, "ఇతనికి అర్థం కాలేదు. తాళం వెయ్యక తప్పదు," అన్నారు. దావీదు చేతులు కట్టుకుని నమస్కారం చేసి వెళ్ళిపోయాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా వాళ్ళింటికెళ్ళి గుమ్మంలోనే అడిగాను. "ఏంటయ్యా, చెంచాడంటే అర్థం కాలేదా?"

"అర్థమైందండి. ఇవ్వాల్సింది చుక్కండి."

"మరి యా అన్నావేంటి?"

"అంత పెద్దాయన ఎదురుగా నిలబడి తప్పండీ అని ఎలా అంటానండీ? ఆయనటు వెళ్ళాక చుక్కే వేసేవాణ్ణండి. ఇదివరకూ రెండుసార్లు అలాగే సర్దానండి."

మా వైపు పెద్దవాళ్ళ మాటకు ముందు చిత్తమండీ అనేసి, తరవాత పని సరిగ్గా చేసుకుపోవడమే మర్యాద. నేను పెరిగిందీ ఆ మర్యాదలోనే, మూడేళ్ళుగా జర్మన్‌లో నేర్పిందీ దాన్నే. 'నైన్' అంటే కాదు అని అర్థం చెప్పాను గాని, దావీదు నోట దాన్ని ఒక్కసారైనా అనిపించలేదు. పైగా అనబోయినవాణ్ణి కసిరాను. చాలా సిగ్గేసింది.

మర్నాటి నుంచి మూడు రోజులు వాళ్ళ అరుగు మీదే పాఠం. దొర పాత టోపీ నా నెత్తిన పెట్టుకుని, గోదావరి పడమటికి పారుతుంది అనేవాణ్ణి. "యా... అంటే... ఒక్కోసారి..." అని నసిగేవాడు. తలుపు చాటునుంచి అతని భార్య సంజీవమ్మ పకపకా నవ్వింది. "నాతో అయితే రోజుకి పదిసార్లు కాదంటారండీ మున్షీగారూ! నేనే దొరననుకోమనండి!"

ప్రయాణం నాడు దొరను ఇంకో అవకాశం అడుగుదామని వెళ్ళాను. బళ్ళు కట్టి ఉన్నాయి. తాళం వేసేలోగా ఎవరైనా వస్తే ఇవ్వడానికని దొర హడావిడిగా దావీదు చేత మందు పొట్లాలు కట్టిస్తున్నారు. పిల్లల పొట్లంలో జ్వరం మందు క్వినైన్ ఎంత వెయ్యాలో చెబుతూ పెద్దల కొలత చెప్పేశారు. ఈసారి పరీక్ష కాదు, నిజంగానే పొరపాటు.

దావీదు చెయ్యి ఆగింది. చేతులు కట్టుకున్నాడు.

"నైన్, హెర్ డాక్టర్... అండి."

దొర అతని వంక చూసి, పుస్తకం తీసి వేలితో వరస వెతికారు. చాలాసేపు తలెత్తలేదు. తరవాత జేబులోంచి తాళం చెవులు తీసి దావీదు చేతిలో పెట్టి బండెక్కారు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

ఆ వేసవిలో డిస్పెన్సరీ తలుపు ఒక్కరోజూ మూతపడలేదు.

అప్పటినుంచీ ఎవరైనా వచ్చి "నాకు జర్మన్ ఎంతవరకు వచ్చిందండీ?" అంటే, చదివించక ముందే కావాలని ఒక తప్పు చెప్పి ఊరుకుంటాను. కాదండీ అనే దాకా కదలను. ఈ సంగతి దావీదుకు చెబితే కాసేపు తటపటాయించి, మొదటి వారంలో నేను కసిరిన నాటి ఆ జర్మన్ మాట ఎత్తాడు.

"అది మీరు పలికినట్టు కాదండీ, మున్షీగారూ."

దొరనడిగి చూశాను. దావీదే రైటు.