మెమరీ మీద విచారణ

మా ఆయన ముప్పై నాలుగేళ్లు రికార్డు గదిలో గుమస్తాగా చేసి, పోయిన ఏడాది రిటైరయ్యారు. ఇప్పుడు ఇంట్లో కరెంటు బిల్లుకి కూడా నంబరు వేస్తారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. దాని మీదే నేను పుస్తకాలు అనువాదం చేస్తుంటాను. ఈ మధ్య అది, నేనో అక్షరం కొడితే, తీరిగ్గా ఆలోచించి మరీ చూపిస్తోంది.

"శుక్రవారం ఐదింటికల్లా చివరి అధ్యాయం పంపకపోతే పబ్లిషర్లు పుస్తకం ఇంకొకరికి ఇచ్చేస్తారట. మెమరీ చాలట్లేదేమో, కొనేద్దామండీ," అన్నాను.

"అలా ఎలా కొనేస్తాం? ముందు విచారించాలిగా!" అన్నారు. ఆ ముఖం చూడాలి, మా పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు.

నాలుగు రోజులు విచారించారు. నేను వంటింట్లోకి వెళ్ళడమే ఆలస్యం, కుర్చీ ఆయనది. నేను తిరిగొచ్చేసరికి కంప్యూటర్ ఇంకాస్త మొరాయించేది. శుక్రవారం మూడింటికి, నాలుగు పేరాలు మిగిలి ఉండగా, పూర్తిగా బిగుసుకుపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. వీధి చివర కంప్యూటర్ షాపులో ఉండే మెకానిక్ అమ్మాయిని పిలిచాను.

ఆమె చూసి నవ్వాపుకుంది. "ఉన్న మెమరీ మీకు ఎక్కువేనండీ. ఇంటర్నెట్‌లో అరవై నాలుగు పేజీలు తెరిచి వదిలేశారు. కొన్ని ఎప్పటివో కరెంటు బిల్లులవి, మిగతావన్నీ మెమరీ కొనాలా వద్దా అన్నవే!"

"ఒక్కటైనా మూయలేదేమండీ?" అన్నాను, పళ్ళు కొరుకుతూ.

"పై అధికారి చూడకుండా ఫైలు ఎలా మూస్తాం?" అన్నారు మా ఆయన, నేనేదో నేరం చెయ్యమన్నట్టు.

"ఆ అధికారిని నేనే. మూయండి!"

ఒక్కోదాని పేరూ పైకి చదివి, నేను తలూపాకే మూశారు. ఐదింటికి పది నిమిషాలుండగా నా అధ్యాయం వెళ్ళింది.

మర్నాడు పొద్దున చూస్తే, ఖాళీ తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏం చేస్తున్నారు?"

"ఏముంది? అన్నీ అయిపోయాయిగా."

నిన్న అలా కసిరి ఉండాల్సింది కాదు.

"నా తర్వాతి పుస్తకం నిండా పాతకాలం ఓడల సంగతులేనట. నాకేం తెలుసు? కాస్త విచారించి పెట్టండి," అన్నాను.

కళ్ళజోడు తుడుచుకుని కుర్చీ ముందుకి లాక్కున్నారు. మధ్యాహ్నానికి పంతొమ్మిది పేజీలు తెరుచుకున్నాయి. నేను వంటింట్లోంచే మెకానిక్ అమ్మాయికి ఫోన్ చేసి, ఆ మెమరీ ఏదో తెచ్చి పెట్టేయమన్నాను.