మూడు చప్పుళ్ళ నక్షా

బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజుల్లో, సుక్మాకు దక్షిణాన అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊళ్ళో నేను చప్పుళ్ళు కొలిచే ఉద్యోగం చేశాను. వింటే వెటకారంగా ఉంటుంది గానీ ఉత్తర్వులో ఉన్నది అదే. ఆపద వేళ ఏ శాఖవారు చేసే చప్పుడు ఏ శాఖవారికి వినబడుతుంది, విన్నవారు ఏం చేస్తారు అన్నది పరీక్షించి, నక్షా గీసి, పట్టిక కట్టి పై కచేరీకి పంపాలి. భద్రాచలం వైపు నుంచి వచ్చినవాణ్ణి, తెలుగు మాట్లాడతాను, హిందీ రాస్తాను కాబట్టి దీన్ని నా మెడకు చుట్టారు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. చేతిలో కొత్త స్కేలుబద్ద, ముక్కు మీద కోపం.

చప్పుళ్ళు మూడు. ఠాణాలో జమాదారు బ్యూగిల్ ఊదిస్తాడు. అడవి శాఖ తనిఖీ నాకాలో గార్డు చింతకొమ్మకు వేలాడే ఇనపముక్కను బాదుతాడు. ఊళ్ళో కోట్వార్ డోలు కొడతాడు. కోట్వార్ అంటే ఊరి కాపరి. చావుపుట్టుకలు ఠాణాలో చెప్పేది, వచ్చిన అధికారికి మకాం చూపించేది అతనే. మూడు చోట్లూ ఒకదానికొకటి కోసెడు దూరం కూడా ఉండవు. ఇన్ని చప్పుళ్ళెందుకు, అందరికీ అర్థమయ్యేది ఒకటుంచి మిగతావి తీసేద్దామని పై కచేరీ ఆలోచన.

ఇందులో ఒక మనిషి కడుపు కొట్టే సంగతి ఉంది. డోలు కొట్టే చాకిరీకి గాను కోట్వార్‌కు వాగు పక్కన చిన్న మాన్యం ఉండేది. నా పట్టికలో డోలు పనికిరాదని పడితే ఆ మడి పోయినట్టే. జమాదారు ఈ మాట ఆ ముసలి కోట్వార్ ముందే అనేశాడు.

"లిఖ్ దో బాబూ, డోల్ బేకార్. బ్యూగిల్ ఉండంగ ఈ తోలు ఎందుకు?"

కోట్వార్ వాదించలేదు. "రాయి బాబూ. గని ఇని రాయి. ఇనకుంట మాత్రం రాయకు" అన్నాడు.

"నీ డోలు మీద ఎన్ని దరువులున్నాయి పెద్దయ్యా?" అని అడిగాను.

"సావుకొకటి, పెండ్లికొకటి, పులొస్తే ఒకటి, అగ్గికొకటి. ఇంకోటున్నది. అది కాయితం మీద రాసేది గాదు."

నాకు ఒళ్ళు మండింది. 'సమాధానం తృప్తికరముగా లేదు' అని రాసుకున్నాను.

మొదటి రోజు బ్యూగిల్ పరీక్ష. గడియారం పట్టుకుని ఊరి నడుమ నిలబడ్డాను. ఠాణా వైపు నుంచి బ్యూగిల్ స్పష్టంగా వినబడింది. 'వినబడినది' అని రాసి తలెత్తేసరికి ఊళ్ళో నరపురుగు లేదు. ఒక పొయ్యి మీద జావ పొంగి నిప్పుల్లో పడుతోంది. ఒక అరుగు మీద మాత్రం ఒక అవ్వ కూర్చుని ఉంది.

"అందరూ ఏరి అవ్వా?"

"పోలీసోళ్ళు బాజా ఊదిండ్రు గద బిడ్డా. మూటలు మొయ్యనీకి మనుషులను పట్టుకపోతరు. అందరు అడవిల వడ్డరు. నాకు కాళ్ళు లేక ఉన్న."

వెట్టికి మనుషుల్ని పట్టుకెళ్ళేటప్పుడు తప్ప ఆ ఊరు బ్యూగిల్ విన్నది ఎప్పుడు గనక! సాయంత్రం దాకా ఒక్కరూ తిరిగి రాలేదు.

రెండో రోజు గార్డు ఇనపముక్క బాదాడు. ఈసారి ఎవరూ పారిపోలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. తీరా చూస్తే అందరూ ఇళ్ళల్లోకి దూరి వాసాలు, వెదుళ్ళు, తేనె కుండలు గడ్డివాముల్లో దాస్తున్నారు. ఒకావిడ టేకుదుంగ మీద చీర పరుచుకుని కూర్చుని, నేను వెళ్ళేదాకా లేవలేదు. ఇనుము మోగిందంటే గార్డు సోదాకు వస్తున్నాడనే ఆ ఊరికి తెలుసు.

మూడో రోజు డోలు. అగ్గి దరువు కొట్టమని కోట్వార్‌కు చెప్పి, నేను వెళ్ళి ఠాణాలో కూర్చున్నాను. అటు ఇనుము దగ్గర గార్డు జ్వరమని మంచం దిగలేదు. ఇటు ఈ పరీక్ష కాగితం మీద పొద్దున్నే సంతకం చేసిన జమాదారుకు నాలుగో దెబ్బకే మొహం పాలిపోయింది. తలుపులు మూయించి గడియలు వేయించాడు. లోపల నేను కూడా చిక్కుకుపోయాను.

"జమాదార్ సాబ్, ఇది నేను పెట్టించిన పరీక్షే కదా!"

"పరీక్ష అని మనకు తెలుసు. వాళ్ళకు తెలుసా?"

వెనకటి తిరుగుబాటులో ఇలాగే డోళ్ళు మోగి ఠాణాలు తగలబడ్డాయని, ఆ కథ వినకుండా ఇక్కడ ఏ కొత్త పోలీసూ అన్నం ముద్ద ఎత్తడని తర్వాత తెలిసింది. రెండు గంటలు ఆ ఉక్కలో ఉడికాం.

పట్టిక పూర్తయింది. 'వినబడినదా' అన్న గడులన్నిటా 'అవును'. 'ఇతర శాఖల నుంచి వచ్చినవారు' అన్న గడులన్నీ ఖాళీ. నేను గీసినవాటిలో అంత అందమైన నక్షా మరొకటి లేదు, అంత పనికిమాలినదీ లేదు. డోలు పనికిరాదని రాయడానికి నా దగ్గర రుజువుంది. రాయడానికి చెయ్యి మాత్రం రాలేదు. నాలుగు రోజులు నాన్చాను.

అవి ఇప్పపూల రోజులు. రాలిన పూలు కనబడాలని చెట్ల కింద ఎండుటాకులకు నిప్పు పెడతారక్కడ. అయిదో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. చెట్ల కింది మంట గడ్డి పట్టుకుని ఊరి మీదికి పరుగెత్తుకొచ్చింది. ఊరి చివర ఉన్నది నా మకాం పాక, దాన్ని ఆనుకుని నాలుగు ఇళ్ళు.

జనం కుండలు పట్టుకుని బయలుదేరారు. సరిగ్గా అప్పుడే ఠాణావాళ్ళు పొగ చూసి, నా పరీక్ష పుణ్యమా అని, బ్యూగిల్ ఊదారు. కుండలు అక్కడే పడేసి సగం ఊరు అడవిలోకి పారిపోయింది. గార్డు కూడా పొగ చూసి ఇనుము బాదాడు. మిగిలిన సగం ఇళ్ళల్లోకి దూరి దుంగలు దాచుకోవడం మొదలుపెట్టింది. నేను ఒక్కణ్ణే రెండు భాషల్లో అరుస్తున్నాను.

కోట్వార్ డోలు తగిలించుకుని వచ్చాడు.

"కొట్టు పెద్దయ్యా, అగ్గి దరువు కొట్టు!"

"అది కొడితే ఠాణా తలుపులు పడ్తయ్. నువ్వే గద రాసినవ్."

ఒక్క క్షణం మంట వైపు చూశాడు. తర్వాత నేను ఎన్నడూ వినని దరువు ఒకటి ఎత్తుకున్నాడు. గునగునమనే దరువు, వింటే కాలు నిలవదు.

అడవిలోంచి ఆడామగా బిలబిలమంటూ వచ్చేశారు, చేతుల్లో ఆకుదొప్పలతో. ఇళ్ళల్లోంచి మిగతావాళ్ళు. ఠాణా దారిన జమాదారు, నలుగురు కాన్‌స్టేబుళ్ళు, నడుములకు బెల్టులు కూడా లేకుండా. నాకా దారిన గార్డు, ఒక తాడు పట్టుకుని రొప్పుతూ. నా ఉత్తర్వు పుట్టింది మొదలు అందరూ ఒక్కచోట కనబడడం అదే మొదలు.

"ఏడున్నది? ఏడున్నది?" అని అందరిదీ ఒకటే ప్రశ్న.

కోట్వార్ దరువు ఆపకుండా ఒక చేతి కర్రతో మంటను చూపించాడు. ఇంతదూరం వచ్చాక, ఎదుట ఇళ్ళు అంటుకోబోతుంటే ఎవరు వెనక్కి పోతారు? పచ్చికొమ్మలు విరిచి బాదారు. జమాదారు మీసం ఒక పక్క కమిలింది. ఇళ్ళు నాలుగూ నిలిచాయి. నా పాక మాత్రం అందమైన నక్షాతో సహా బూడిదైంది.

అప్పుడు తెలిసింది, అది వేట మాంసం పంచే దరువని. వేట పడితే ఒక తొడ ఠాణాకు పంపాలి, అది మామూలు. వేటగాళ్ళను పట్టుకుంటానని గార్డు తాడుతో వస్తాడు, తన వాటాతో వెళ్తాడు. అందుకే అది కాగితం మీద రాసేది కాదు.

మంట ఆరినా ఎవరూ కదల్లేదు. చేతుల్లో దొప్పలు అలాగే ఉన్నాయి. కోట్వార్ డోలు దించి ఇంటికి వెళ్ళి తన రెండు మేకలనూ తోలుకొచ్చాడు. అతనికి ఉన్నవే రెండు. వెనకాలే అతని పెళ్ళాం తిట్లు.

"ఎందుకు పెద్దయ్యా? ఊరు నిలబెట్టావు, చాలదా?" అన్నాను.

"డోలు పిలిసింది బాబూ. పిలిసినంక పెట్టాలె గద."

ఇలాంటి మనిషి మడిని ఊడబీకడానికా నేను స్కేలుబద్ద పట్టుకుని వచ్చాను అని సిగ్గుతో చచ్చిపోయాను. ఆరోజు జమాదారు తొడ అడగలేదు. అందరితో పాటు కూర్చుని దొప్పలో తిన్నాడు.

కొత్త నక్షా గీశాను. 'డోలు, ఒక ప్రత్యేక దరువు. మూడు శాఖలవారికీ వినబడును, అందరూ వచ్చెదరు' అని రాశాను. దేని దరువో రాయలేదు. మాన్యం నిలిచింది. నెలకు పై కచేరీ నుంచి జవాబొచ్చింది. మెచ్చుకున్నారు. ఇకపై నెలకొకసారి ఆ దరువు కొట్టించి అందరి చేత అభ్యాసం చేయించాలట, చేసినట్టు అందరూ సంతకాలు పెట్టి పంపాలట. పరుగున వెళ్ళి చదివి వినిపించాను. కోట్వార్ మొహం వాడిపోయింది.

"మాంసం లేకుంట కొడితే రెండోపారి సగం మంది వస్తరు. మూడోపారి నువ్వొక్కనివే వస్తవ్."

"కొట్టకపోతే మాన్యం పోతుంది పెద్దయ్యా."

"పోతే పోనీ. మల్ల అగ్గి లేస్తే నేను ఎవ్వర్ని పిలవాలె?"

బెదిరింపు కాదు. నిజంగానే వదులుకునేలా ఉన్నాడు. అంతవరకూ కాగితం మీద ఒక్క తప్పు అక్షరం రాయని నేను అక్కడే కూర్చుని, 'అభ్యాసము జరిగినది, అందరూ హాజరు' అని రాసి సంతకం పెట్టాను. జమాదారు చదివి పెట్టాడు. గార్డు చదవకుండానే పెట్టాడు. మూడు శాఖలూ ఒక్క మాట మీద నిలబడ్డది ఆ సంస్థానంలో నేను చూసింది అదొక్కటే. ఆ తర్వాత ప్రతి నెలా అలాగే నిలబడ్డాయి.

చివరికి సిరాదిండు కోట్వార్ ముందుకు జరిపాను. ఒప్పుకోడేమోనని భయపడ్డాను. ఆయన గోడకు వేలాడుతున్న డోలు వైపు చూసి, బొటనవేలు సిరాదిండుకు అద్దాడు.

"డోలు అబద్దమాడొద్దు బాబూ. ఏలు ఆడితే ఆడనీ" అని ముద్ర వేశాడు.