తొంభై తొమ్మిది తొంభై నాలుగైన రోజు

మా ఆయన పోయాక ఏడాది తిరిగేదాకా ఎవరి గడపా తొక్కకూడదన్నారు. మా అక్క టాటీబంధ్‌లో పక్షవాతంతో మంచాన పడి ఉంది. ఊరు దాటక్కర్లేదు, ఆటో ఎక్కితే చాలు. కానీ ఇంట్లో పసిబిడ్డ ఉందని అక్క కొడుకు ముందే చెప్పేశాడు.

"ఏడాది అయిపోనీ పిన్నీ. అప్పుడు రా. అమ్మని నేను చూసుకుంతాను కదా."

నన్ను పెంచింది అక్కే. ఆ ఏడాది లోపల తను పోతే ఆఖరి చూపు కూడా దక్కదు. అదొక్కటే నా మనసులో ఉండేది. ఆయన కోసం ఏడుపు కూడా రాలేదు. వండాను, గిన్నెలు తోమాను, గోడకి ఆనుకుని కూర్చున్నాను.

మా అమ్మాయి కంప్యూటర్ ఆఫీసులో పని చేసేది. ఉర్లాలో ఇనుము కరిగించే ఫ్యాక్టరీ ఒకటి అడిగితే చిన్న ప్రోగ్రాం ముక్క రాసింది. మొదలెప్పుడో, ముగింపెప్పుడో చెబితే, మధ్యలో నూటికి ఎంత గడిచిందో అది చెబుతుందట. కొలిమిలో సరుకు ఉడకడానికి ఎంత సేపు పడుతుంది, అందులో ఎంత అయింది, అలాగన్న మాట. ఎవరికి కావాలంటే వాళ్ళు తమ ప్రోగ్రాంలో అతికించుకోవచ్చునట. మా ఏడాదిని కూడా దానికి అప్పజెప్పింది. సాయంత్రం చెప్పులు విడుస్తూనే చెప్పేది.

"అమ్మా, అర్సఠ్ అయింది."

"తెలుగులో చెప్పి చావవే."

"అరవై ఎనిమిది. నూటికి."

"మిగతాది?"

"అదీ అయిపోతాది. దాన్ని ఎవరు ఆపుతారు?"

సరే అని బియ్యం కడిగేదాన్ని.

తొంభై తొమ్మిది అన్న రోజున సంవత్సరీకం మాట్లాడుకుందామని పంతులుగారి ఇంటి అరుగు దాకా వెళ్ళాం. ఆయన పంచాంగం తిప్పి మా మొహాలు చూశాడు.

"ఇంగ్లీషు తేదీలు లెక్కేసుకున్నారా? తిథి పట్టదా మీకు? మధ్యలో అధిక మాసం వచ్చింది కదమ్మా. ఇంకా మూడు వారాల పైనే ఉంది."

మర్నాడు అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి తల వంచుకుని నిలబడింది.

"ముగింపు తేదీ మార్చానమ్మా. తొంభై నాలుగు చూపిస్తోంది."

"నిన్న తొంభై తొమ్మిది కదే?"

"ముగింపు ఇంకా దూరం జరిగితే అలాగే తగ్గుతాది."

"మరి ఆ అయిదూ? నేను కూకోనేదేటి? నీ మిషన్ కూకుందా?"

ఇంతలో పక్కింటివాళ్ళు ఫోన్ వచ్చిందని పిలిచి కిటికీలోంచి అందించారు. అక్క కొడుకు. పొద్దుటి నుంచి అక్క నీళ్ళు కూడా మింగడం లేదన్నాడు. రమ్మని మాత్రం అనలేదు. నేను ఫోన్ తిరిగి ఇచ్చేసి, చీర కూడా మార్చుకోకుండా అమ్మాయితో ఆటో ఎక్కాను.

అక్క కొడుకు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "పిన్నీ, ఇంకా అవనేదు కదా..."

"నీ గడప నేను తొక్కనురా. మంచం బయటికి తే."

వాడు కదల్లేదు. లోపల్నుంచి అక్క కోడలే అంది, "తెండి, పాపం." వాడూ మా అమ్మాయీ చెరో పక్కా పట్టుకుని మంచాన్ని వరండాలోకి తెచ్చారు. ఎదురుగా రోడ్డు మీద లారీలు పోతున్నాయి, దుమ్ము. అక్క మొహం మీద కొంగు అడ్డం పెట్టాను. తనకి చూపు ఆనదు. చెయ్యి తడిమి పోల్చుకుంది.

"వొచ్చినావేటే. మరిదికి అన్నం పెట్టీసి వొచ్చినావా?"

ఆయన పోయిన సంగతి తనకి ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది.

"పెట్టీసినాను," అన్నాను.

చెంచాతో నీళ్ళు పోస్తే రెండు గుటకలు మింగింది.