కొండగట్టు కట్ట

మొన్నొకరోజు కొత్త రేషన్ కార్డుకు ప్లాస్టిక్ తొడుగు వేస్తూ కూర్చున్నాను. కార్డు లోపలికి జారుతున్నప్పుడు సన్నగా ఒక చప్పుడైంది, కొత్త ప్లాస్టిక్ వాసన ముక్కుకు తగిలింది. అంతే, చేతిలో ఉన్నదేమిటో మరిచిపోయాను. మా ఆవిడ రెండుసార్లు పిలిచిందట. నేను మాత్రం కరీంనగర్ టవర్ సర్కిల్ వెనక సందులో, మేమంతా చాచా అని పిలిచే పెద్దాయన స్టేషనరీ దుకాణం మీది గదిలో ఉన్నాను. ఆ గదికి ఆకుపచ్చ అద్దాల కిటికీ ఒకటుండేది. మధ్యాహ్నపు ఎండ అందులోంచి దిగితే గదంతా చెరువు అడుగులా కనిపించేది, మనుషులు నీళ్లలో కదులుతున్నట్టు నెమ్మదిగా కదిలేవారు. కింద జిరాక్స్ మిషన్ మూలిగేది. వేడి కాగితం వాసన, అల్లం చాయ్ వాసన కలిసి మెట్లెక్కి వచ్చేవి. ప్రతి ఆదివారం అక్కడ మా కార్డుల లీగ్ జరిగేది.

ఆ ఆట తెలియనివారికి ఒక మాట చెప్పాలి. అది పేకాట కాదు. ఎవరి కట్ట వారే తెచ్చుకోవాలి. అరవై కార్డులు, వాటి మీద మృగాలు, యోధులు, మంత్రాలు. ఒక్కోదానికి ఒక్కో బలం. ఎదుటివాడి ప్రాణాలు ఇరవై, అవి సున్నాకు దిగితే మనం గెలిచినట్టు. ప్రాణాలు లెక్కపెట్టడానికి చింతగింజలు వాడేవాళ్లం. సందులోవాళ్లు మాత్రం పైన మూడుముక్కలాట నడుస్తోందనే అనుకున్నారు. ఒకసారి ఒక కానిస్టేబుల్ మెట్లెక్కి వచ్చి, బల్ల మీద మూడు తలల మొసలి బొమ్మ చూసి, కాసేపు నిలబడి, "గిదేం జేస్తది?" అని అడిగాడు. చెప్పాం. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

నన్ను ఆ గదికి తీసుకెళ్లింది మా బావ, మా అక్క భర్త. పన్నెండేళ్లు దుబాయిలో కరెంటు పని చేసి, మోకాళ్లు అరిగాక జగిత్యాల దగ్గరి సొంతూరికి తిరిగొచ్చాడు. అందరూ కంబళ్లు, సెంటు సీసాలు తెస్తే ఈయన లావుపాటి ఆల్బం ఒకటి తెచ్చాడు. పెళ్లి ఫోటోలను కొత్త ఆల్బంలో పెట్టించి తెచ్చాడేమోనని అక్క మురిసిపోతూ తెరిచిందట. లోపలన్నీ రాక్షసులు. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకునే నన్ను, "నీకు లెక్కలస్తయి గద, రా బామ్మర్ది" అని లాక్కెళ్లి ఆట నేర్పిందీ ఆయనే. ఆయన ఖరీదైన కార్డుల ముందు మా కార్డులు నిలిచేవి కావు. మేం నాలుగోసారి కార్డు తీసేలోగా ఆయన బంగారు గద్ద దిగేది, ఆట ముగిసేది. ఆయనలో గర్వమేమీ ఉండేది కాదు. గెలిచాక ప్లాస్టిక్ తొడుగుల్లోని ఆ కార్డులను పసిపిల్లను తుడిచినట్టు మెత్తటి గుడ్డతో తుడుచుకునేవాడు.

మా లీగ్‌లో భైంసా నుంచి వచ్చిన నర్సు ఒకామె ఉండేది. అందరం ఆమెను సిస్టర్ అనేవాళ్లం. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో పని. ఎదుటివాడి ఎత్తుగడను మూడు ఎత్తుల ముందే పట్టేసే బుర్ర ఆమెది, చేతిలో మాత్రం అన్నీ చౌక కార్డులే. ఒక ఆదివారం బావ చేతిలో మళ్లీ ఓడి, కార్డులు హ్యాండ్‌బ్యాగులో సర్దుకుంటూ నాతో అంది: "గింక నేను రానన్నా. డ్యూటీ దిగి, నిద్ర ఆపుకొని వస్త. నేను ఆలోచన చేసేటాళ్లకు ఆటే అయిపోతది." మాటలో కోపం లేదు. అదే నాకు గుచ్చుకుంది. ఆమె మెట్లు దిగాక చాచా ఖాళీ కుర్చీలను ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, "ఇరవై మంది వస్తుండె సార్. గీవాళ ఆరుగురే వచ్చిండ్రు. జర సోచాయించుండ్రి" అన్నాడు.

వారమంతా ఆలోచించాను. మరుసటి ఆదివారం బావ ఏదో పెళ్లికి వెళ్లి రాలేదు. సిస్టర్‌కు ఫోన్ చేసి ఒక్కసారి రమ్మని బతిమాలి, అందరి ముందూ చెప్పాను: కట్ట మొత్తం ఖరీదుకు ఒక హద్దు పెడదాం, చాచా దుకాణంలో అమ్మే విడి కార్డుల పెట్టెల మీది ధరలే లెక్క. హద్దు ఎంతన్న దగ్గర గంటసేపు తగువు నడిచింది. చివరికి చాచా తేల్చాడు. "కొండగట్టు గుడికి బస్సుల పోయి రాను ఎంతయితదో గంత. గంత పైసలు అందరి దగ్గర ఉంటయి."

"ఆడోళ్లకు బస్సు ఫిరీ గద చాచా," అంది సిస్టర్. "నాకు జీరో టికెట్. మరి నా కట్ట గూడ జీరోనేనా?"

చాచా నవ్వాపుకోలేక బల్ల పట్టుకున్నాడు. ఆ పద్ధతికి కొండగట్టు కట్ట అనే పేరు ఆ పూటే స్థిరపడింది.

తర్వాతి ఆదివారం బావ గదికి రాగానే సంగతి నేనే చెప్పాను. ఆయన లేని రోజున నిర్ణయించామన్న సిగ్గుతో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన అంతా విని, "అంటే నా కార్డులు పనికిరావన్నట్టే గద" అన్నాడు. ఆల్బం చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి.

ఆ తర్వాతి ఆదివారాలు కలలా గడిచాయి. మానేసిన వాళ్లు తిరిగొచ్చారు, కొత్తవాళ్లు వచ్చారు, కుర్చీలు చాలక కాగితం కట్టల మీద కూర్చున్నారు. చౌక కట్టలకు తొడుగులుండవు, ఫ్యాను వేస్తే కార్డులు ఎగిరిపోతాయి. అందుకని నడివేసవిలో చెమటలు కారుతూ, ఒక నక్క బొమ్మ గురించి పెద్దమనుషులు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. అంత సందడిలోనూ నా కళ్లు మెట్ల వైపే పోయేవి. ఒకరోజు అక్క ఫోన్ చేసింది. "ఏమన్నవ్‌రా మీ బావను? ఆల్బం ముందట పెట్టుకొని కూసుంటుండు. అన్నం గూడ సక్కగ తింటలేడు."

జగిత్యాల బస్సెక్కాను. బావ అరుగు మీద ఉన్నాడు. నన్ను కూర్చోమని ఆల్బం నా ఒళ్లో పెట్టాడు. "గిది చూడు. బతుకమ్మ పండుగకు లీవియ్యలే, గానాడు కొన్న. గిది నీ మేనకోడలు పుట్టిన్నాడు. గీ గద్ద మా అవ్వ పోయినప్పుడు." తల్లి మాట ఎత్తగానే గద్ద మీది తొడుగును వేలితో నిమిరాడు. "టికెట్ దొరకలే. కంపెనీ సెలవియ్యలే. రూముల కూసుంటే పిచ్చి లేస్తదని బజారుకు పోయిన." ఆల్బం నిండా ఆయన ఇంట్లో లేని రోజులే ఉన్నాయి. బంగారు గద్ద వచ్చినప్పుడల్లా విసుక్కున్న నాకు ఆ ధర తెలియదు.

"నీ ఆట తీసెయ్యలేదు బావా. నెలకొక ఆదివారం దానికే పెడతం. నిన్ను అడగకుండ జేసిన, గది నా తప్పు" అన్నాను.

ఆయన ఆల్బం మూసి, "నిజం చెప్పాల్నంటే, ఎదురుంగ కూసునేటోళ్లే లేకుంటే నాకు మాత్రం ఏముంది బామ్మర్ది" అన్నాడు. రమ్మని నేను అడగలేదు, వస్తానని ఆయనా అనలేదు. అక్క చేసిన సర్వపిండి తిని తిరిగొచ్చాను.

రెండు ఆదివారాల తర్వాత వచ్చాడు, ఉత్త చేతులతో. ఎవరినీ పలకరించకుండా చాచా విడి కార్డుల పెట్టె ముందు కూర్చుని గంటసేపు ఏరాడు. ముసలి తాబేళ్లు, దీపం పట్టుకున్న పిల్లి, పేరు కూడా గుర్తుండని సిపాయిలు. చాచా లెక్క చూసి తల ఊపాక, వెళ్లి సిస్టర్ ఎదురుగా కూర్చున్నాడు. ఆ ఆట ఎంతకీ తెగలేదు. చాయ్ రెండుసార్లు వచ్చి చల్లారింది. మిగతా బల్లల వాళ్లు తమ కార్డులు బోర్లించి వచ్చి చుట్టూ నిలబడ్డారు. బావ ముందు ఒక్క చింతగింజ, సిస్టర్ ముందు ఒక్కటి. ఆమె చాలాసేపు ఆలోచించి, చేతిలో మిగిలిన నక్కను కింద పెట్టింది. బావ తన చివరి గింజను వేలితో ఆమె వైపు జరిపి, నుదుటి చెమట తుడుచుకుని, "ఇంకోటి ఆడుదామా చెల్లె?" అని అడిగాడు.

ఎప్పుడూ గెలిచే మనిషి కదా, ఆ మాట ఆయన నోట మేము అంతకుముందు వినలేదు. సిస్టర్ డ్యూటీకి టైమవుతుందని అనకుండా కార్డులు కలపడం మొదలుపెట్టింది. తర్వాత కొత్తగా వచ్చినవాళ్లకు కొండగట్టు కట్ట కట్టిపెట్టే పని బావే తీసుకున్నాడు. నెలకొక ఆదివారం ఆల్బం తెస్తే, గద్దను చూడడానికి జనం మూగేవారు, ఓడిపోతామని తెలిసీ వరసలో నిలబడేవారు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మొదటి మధ్యాహ్నం ఎంతసేపు సాగిందని ఎవరైనా అడిగితే మాత్రం ఇప్పటికీ చెప్పలేను. గదిలో అంతమందిమి ఉన్నాం, గడియారం చూసినవాళ్లు ఒక్కరూ లేరు.