పచ్చ గీతల్లో లేని గొంతు

పత్రికలో చాలా ఏళ్లు ప్రూఫులు దిద్దాక నాచారంలోని ఒక చిన్న టీవీ చానల్లో చేరాను. రౌటర్ ముందు కూర్చోవడం నా పని. బయటి నుంచి వచ్చే బొమ్మనూ శబ్దాన్నీ ఎటు పోవాలో అటు మళ్లించే పెట్టె అది. ప్రతి సిగ్నల్‌కూ తెర మీద ఒక గీత. గీత పచ్చగా ఉంటే బాగున్నట్టు. మా అందరికీ ఒక అలవాటు, హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంటాం. రెండో చెవి పక్కవాళ్ల ముచ్చట్లకు.

శివరాత్రి ముందురోజు పొద్దున కీసర గుట్ట మీది నుంచి లైవ్ వస్తోంది. పూజారి గొంతు రావట్లేదని ప్రేక్షకుల ఫోన్లు మొదలయ్యాయి. మా ఇంఛార్జి గుట్ట మీదున్న సౌండ్ మనిషికి ఫోన్ చేసి, "రేపటికి వేరేటోన్ని తెచ్చుకుంటం" అనేశాడు. దమ్మాయిగూడ వాడు, పదేళ్లుగా మాకు జాతర సౌండ్ ఇస్తున్నవాడు. వెంటనే నాకు చేశాడు.

"అన్నా, నీ కాడ ఎట్లొస్తున్నది?"

"పచ్చగనే ఉంది."

"పచ్చగుంటే నన్నెందుకు తీసేస్తున్రే?"

కనుక్కుంటానని ఫోన్ పెట్టేశాను. టీ తాగుదామని గేటు బయటికి వెళ్లాను. కొట్టు నడిపే అక్క బిస్కెట్ల సీసాకు ఆనించిన పాత ఫోన్లో మా చానలే.

"ఏంది సారూ, గంటలు ఇనొస్తున్నయి, పంతులు నోరే ఆడిస్తుండు. మౌనవ్రతమా?"

రెండు నిమిషాల కింద నా ఎడమ చెవిలో అదే గొంతు ఖంగున మోగింది. ఆ ఫోన్‌కు స్పీకర్ ఒక్కటే. ఎడమా కుడీ అందులో కలిసిపోతాయి. టీ అక్కడే వదిలేశాను.

లోపల మొదటిసారి రెండు చెవులకూ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. గొంతు తల వెనకెక్కడి నుంచో వస్తున్నట్టుంది. రెండు శబ్దాలనూ ఒకటిగా కలిపే బటన్ నొక్కాను. గొంతు మాయం. గీతలు మాత్రం పచ్చగానే నిలబడ్డాయి. ఎడమ గొంతు ముందుకు తోస్తుంటే కుడిది వెనక్కి లాగుతోంది, కలిస్తే గొంతు మిగలట్లేదు. గంటలు ఒక్కో వైపు ఒక్కోలా వస్తున్నాయి కాబట్టి బతికాయి.

తప్పు గుట్ట మీదా, మా దగ్గరా? అదే దారిలో మా స్టూడియోలో పరీక్షకు వాడే కూత శబ్దం పంపి, మళ్లీ కలిపి చూశాను. అదీ మాయమే. తప్పు మాదే!

రౌటర్ వెనక కుడి శబ్దం ప్లగ్ విప్పితే లోపల రెండు తీగలు తారుమారు. పోయినవారం దాన్ని అతికించింది ఇంఛార్జే, ఆ తర్వాత ఆ దారిలో ఇదే మొదటి లైవ్. పిలిచి చూపిస్తే, "నా చెయ్యే" అన్నాడు. తానే సరిచేసి, తానే గుట్టకు ఫోన్ చేశాడు. "రేపు నువ్వే ఉండాలె తమ్మీ. తప్పు నాది."

మళ్లీ కొట్టుకు వెళ్లేసరికి పూజారి మంత్రం రోడ్డు దాకా వినిపిస్తోంది.

"జర మెల్లగ సదవమను సారూ, గిరాకీల మాట ఇనొస్తలేదు" అంది అక్క, వేడి టీ అందిస్తూ.

అంతలో గుట్ట మీది నుంచి సౌండ్ మనిషి ఫోన్. "అన్నా, ఇప్పుడెట్లుంది?"

పచ్చగుంది అనబోయి ఆగాను.

"వినపడుతున్నది తమ్మీ" అన్నాను, ఫోన్‌ను బిస్కెట్ల సీసా వైపు చాపి.