వసుంధర గారి సర్క్యూటస్

ఈ ఉదయం లండన్‌లో, అంటే మా ఒంటారియో లండన్‌లో, ఆసుపత్రి క్యాన్సర్ విభాగం బయట కూర్చుని ఉంటే పక్క కుర్చీలో ఎవరో ఫ్లాస్కు మూత తీశారు. లవంగాల టీ. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతటదే ముందుకు సాగింది, ఎవరో అందులో ఒక లవంగం పెడతారన్నట్టు. పెట్టే మనిషి పోయి రెండేళ్లయింది. పిచ్చిదానిలా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇంగ్లీషు రాని రోగులకు డాక్టరు మాటను తెలుగులోనూ, వాళ్ల మాటను డాక్టరుకు ఇంగ్లీషులోనూ చెప్పడం నా ఉద్యోగం. అది నాకు నేర్పింది వసుంధర గారు. విజయవాడలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చి, ఊరికే కూర్చోలేక ఇందులో చేరారు. రోగి గదిలోకి వెళ్లేముందు తనొక లవంగం నోట్లో వేసుకుని, నా చేతిలో ఒకటి పెట్టేవారు. డాక్టరు ‘నేను’ అంటే మనమూ ‘నేను’ అనే చెప్పాలన్నది ఆవిడ మొదటి పాఠం. “డాక్టరు గారు ఇలా అంటున్నారండీ అని పక్కకి తప్పుకోకు. చెప్పేది నువ్వే. ఆ బరువు నువ్వే మొయ్యాలి” అనేవారు.

నేను రాసిచ్చిన అభ్యాసాలను ఎర్ర పెన్సిల్‌తో దిద్దేవారు. దాదాపు ప్రతి పేజీ అంచునా ఒకే మాట: సర్క్యూటస్. నాకు ఒళ్లు మండేది. ఏదో నాజూగ్గా రాశానని మురిసిపోతుంటే ఈవిడ గోల ఏమిటి అనుకునేదాన్ని. ఒక వేసవి మధ్యాహ్నం ఇద్దరం బస్సులో వెళ్తున్నాం. రోడ్డు తవ్వేశారని బస్సు వీధి వీధీ తిరుగుతోంది. వసుంధర గారికి భలే హుషారొచ్చింది.

“ఇదిగో అమ్మాయ్, సర్క్యూటస్ రూట్ అంటే ఇదీ! కాలేజీలో బోర్డు మీద గీసి చెప్పలేక చచ్చేదాన్ని. దారికి వాడతాం, వాదనకి వాడతాం, సంజాయిషీకీ వాడతాం. అసలు చోటికి తిన్నగా పోకుండా చుట్టు తిరిగే ప్రతిదానికీ సరిపోతుంది. తిట్టేం కాదులే. కానీ ఎంత తిరిగినా బస్సు చివరికి మన స్టాప్‌లో దింపాలిగా?”

“దింపుతుంది లెండి మేడమ్” అన్నాను, కిటికీలోంచి చూస్తూ. ఆవిడ నా గురించే అంటున్నారని తట్టనే లేదు.

ఆ శీతాకాలంలో రత్తమ్మ గారనే పెద్దావిడ వచ్చారు. గదిలోకి వెళ్లేముందే వాళ్లబ్బాయి నన్ను పక్కకి పిలిచి, “అక్కా, అమ్మ తట్టుకోలేదు. కాస్త మెల్లగా చెప్పండి, ప్లీజ్” అన్నాడు. మనవాళ్లలో ఇది మామూలే కదా. చెడ్డ కబురు చెప్పాలంటే ముందు భోజనం చేశావా అని అడుగుతాం, వాతావరణం గురించి మాట్లాడతాం, అసలు సంగతి ఎవరో ఒకరు తర్వాత చెప్తారులే అని వదిలేస్తాం. డాక్టరు మూడు వాక్యాల్లో చెప్పింది: జబ్బు తిరగబెట్టింది, కాలేయానికి పాకింది, నయం చేసే మందు లేదు. నేనేమో, “కొంచెం నలతగా ఉంది పిన్నిగారూ, ఒంట్లో అక్కడక్కడా కాస్త ఇబ్బంది కనబడుతోంది, జాగ్రత్తగా ఉండాలి” అని పది వాక్యాలు తిప్పాను.

రత్తమ్మ గారు శ్రద్ధగా విని తలూపారు. “సరేనమ్మా. మరి నా మోకాలి ఆపరేషను వేసవికి పెట్టుకోవచ్చా?”

నా పని చూడ్డానికి వెనక కూర్చున్న వసుంధర గారు లేచి, డాక్టరును ఒక్క నిమిషం ఆగమని, నన్ను వరండాలోకి లాక్కెళ్లారు. ఆవిడ కోపం చూడటం నాకదే మొదటిసారి.

“ఆవిడకున్నది కొద్ది నెలలే. అందులో మోకాలు కోయించుకుని మంచాన పడి ఉండాలా? ఎవర్ని కాపాడుతున్నావ్, ఆవిడనా, నిన్నా?”

“వాళ్లబ్బాయి అడిగాడు మేడమ్…”

“మెల్లగా చెప్పమన్నాడు. చెప్పొద్దన్లేదు. పద.”

లోపలికి వెళ్లాను. కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆ మూడు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. కొడుకు గోడవైపు తిరిగాడు. రత్తమ్మ గారు తన ఫోన్ తీసి కొడుకు చేతిలో పెట్టారు. “మా అక్కతో ఏడేళ్లుగా మాటల్లేవు. ఫోన్ కలపరా” అన్నారు. అక్కడే, మా అందరి ముందే, అక్కాచెల్లెళ్లు ఏడుస్తూ మాట్లాడుకున్నారు. నేను మొదట చెప్పిందే నమ్మి వెళ్లి ఉంటే ఆవిడ ఆ ఫోన్ చేసేవారు కాదు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మూడేళ్ల తర్వాత వసుంధర గారే ఫోన్ చేశారు. “రేపు పదింటికి రా. పేషెంటుని నేనే.”  డాక్టరు కుర్రాడు, కొత్తవాడు. పాపం, ఎలా చెప్పాలో తెలియక ఆశించిన ఫలితాల గురించి, అవకాశాల గురించి, జీవన నాణ్యత గురించి ఏదేదో చెప్పుకొచ్చి, నయం కాదని, నొప్పి మాత్రం లేకుండా చూస్తానని మధ్యలో ఎక్కడో అన్నాడు. ఆ గదిలో అందరికంటే మంచి ఇంగ్లీషు వసుంధర గారిదే. అయినా నావైపు తిరిగి, “తెలుగులో చెప్పమ్మా” అన్నారు. నా అరచేతిలో ఒక లవంగం పెట్టారు. “మన రూలు గుర్తుందిగా?”

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. “వసుంధర గారూ, మీ జబ్బు నేను నయం చెయ్యలేను. నొప్పి లేకుండా మాత్రం చూసుకుంటాను.”

 ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. “మన స్టాప్‌లోనే దింపావు” అన్నారు.

ఆ ‘నేను’ డాక్టరుదే. కానీ ఆ తర్వాత అయిదు నెలలూ రోజూ సాయంత్రం ఆవిడ మంచం పక్కన కూర్చున్నది నేను. అది నా మాట కూడా అయిపోయింది.

ఇందాక నర్సు వచ్చి, మూడో గదిలో తెలుగు పెద్దాయన ఉన్నారని చెప్పింది. తలుపు దగ్గర ఆయన కూతురు నా చెయ్యి పట్టుకుని, “ఆంటీ, నాన్నకి…” అంటూ ఆగిపోయింది. “మెల్లగానే చెప్తానమ్మా” అన్నాను. “కానీ చెప్తాను.” సంచిలోంచి ఒక లవంగం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టి, లోపలికి వెళ్లి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.