అవ్వ తాళాలు, నా బిడ్డ ఉప్పు

మా పక్కింటి అవ్వ పోయిన వారం చనిపోయింది. 'పరమపదించారు' అని రాయమన్నారు మా స్టాండులో. ఆటో తోలేవాడిని, నాకు నోరు తిరగదు. వింటే ఆమే ముందు నవ్వేది.

పాకాలలో మా వీధిలో ఏ బిడ్డకు మూర్ఛ వచ్చినా అవ్వ బొడ్లోని తాళాల గుత్తి తీసుకుని పరిగెత్తేది. చేతిలో ఇనుము పెడితే ఫిట్స్ ఆగుతాయని నమ్మకం. ఆ హడావిడిలో గుత్తి తిరిగిచ్చేది ఎవరు? అవ్వేమో తాళం వేసిన సొంతింటి అరుగు మీద దర్జాగా కూర్చుని ఉండేది.

నా కూతురికి రెండేళ్లప్పుడు విరేచనాలు పట్టుకున్నాయి. ఉప్పు తగలనివ్వద్దని అవ్వ పత్యం పెట్టింది. మేం బుద్ధిగా ఉత్త నీళ్లే తాగించాం. మర్నాడు బిడ్డ కళ్లు తేలేసి కొట్టుకుంది. అవ్వ బిడ్డ గుప్పిట్లో తాళాలు కుక్కింది. ఆ తాళాలతో సహా చిత్తూరు ఆసుపత్రికి తోలాను.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ తిట్టింది. విరేచనాల్లో సోడియం పోతే, ఉత్త నీళ్లు పోసి ఉన్నదాన్నీ పలచన చేశామట. కాల్షియం, మెగ్నీషియం తగ్గినా ఇలాగే ఫిట్స్ రావచ్చట, ఇవేవీ కాకుండానూ రావచ్చట, పరీక్ష చేయందే తేలదట. ఆఖరికి, ఈ తాళాలు ఎవరివని అడిగింది.

బిడ్డ దక్కింది. ఇంటికొచ్చి అరుగు మీదున్న అవ్వను నోటికొచ్చినట్టు తిట్టాను. అంతా విని అంది:

"ఇనుమూ ఉప్పూ రెండూ మట్టిలోనుంచి వచ్చేటివే గదప్పా. పక్కింటి తలుపు కొట్టినాను, అంతే."

అంత కోపంలోనూ నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. ఆమె మాత్రం బిడ్డను ఒళ్లో వేసుకుని చాలాసేపు ఏడ్చింది.

అప్పటినుంచి ఆమె బొడ్లో ఓఆర్ఎస్ పొట్లాలు చేరాయి. ఏ బిడ్డకు విరేచనాలైనా తల్లిని నిలబెట్టి కలిపించేది. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టించి, నోట్లో ఏదీ పెట్టనివ్వక, నన్ను కేకేసేది. సరిగ్గా నేను అన్నం ముందు కూర్చున్నప్పుడే.

"ఫిట్సుకు పనికొచ్చే బీగంచెవి ఒకటే ఉండాది, నీ ఆటోది. లెయ్."

అవ్వ పోయాక ఆమె కూతురు ఇంటి తాళంచెవి ఒకటి తీసుకుని మిగతా గుత్తి నాకిచ్చింది. ఆటో అద్దానికి కట్టాను. నిన్న ఎదురింటాయన బిడ్డను భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. అవ్వ తాళాలు యాడుండాయప్పా అన్నాడు. తిట్టబోయి ఆగి, "ఆటోలో ఉండాయి, ఎక్కు" అన్నాను.

చిత్తూరు దాకా ఆ గుత్తి గలగలమంటూనే ఉంది, ఎవరో వెనక కూర్చుని ఇంకా బిరబిరా పోనీమని తిడుతున్నట్టు.